గడప దగ్గరి దుమ్ము

ఇందుమతి తన యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మొదట కూతురి బడి నుంచే దుమ్ము తెచ్చుకుంది. పదో తరగతి గదిలో మూడో ఫ్యాను రెక్క మీద పేరుకున్నదాన్ని బ్లేడుతో గీకి, గాజు గొట్టంలో వేసి, మూత బిగించి, తారీఖు రాసింది. ఆ గదిలో కూర్చునే అరవైమందీ విశాఖపట్నం నీళ్లు తాగి పెరిగినవాళ్లే. కాబట్టి తెర మీద ఒకే రంగు రావాలి.

ఒకే రంగు వచ్చింది. అరవై పోగులు పైనుంచి కిందికి దిగాయి. పక్కపక్కన కూర్చున్నవాళ్ల పోగులు ముడిపడుతూ, విడిపోతూ, మళ్లీ ముడిపడుతూ పది నిమిషాల్లో తెర నిండా గుడ్డలా పరుచుకున్నాయి. అంచున ఒక పోగు మాత్రం పైనుంచి కిందిదాకా ఒంటరిగా దిగింది. దానికి ఒక్క ముడి లేదు.

"ఇక్కడేదో తప్పు చేస్తోంది," అని ఇందుమతి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "అంతమందిలో ఒకళ్లు ఏడాదంతా ఎవరి పక్కనా కూర్చోకుండా ఎలా ఉంటారు?"

వెనకాల టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డ ఎఫువా తెరకేసి చూసింది.

"తప్పు కాదమ్మా. అది నేను."

ఇది జరిగి రెండేళ్లయింది. ఆ రోజు తల్లీకూతుళ్లు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. టిఫిన్ డబ్బా మూత తీసి, పులిహోర చెరి సగం తిని, ఇంటికి వెళ్లిపోయారు.

ఆ యంత్రానికి కాగితాల మీద ఒక పొడుగాటి పేరుంది. ల్యాబులో అందరూ మగ్గం అంటారు. ప్రతి మనిషి ఊపిరిలోనూ ఆ మనిషికే సొంతమైన సూక్ష్మజీవులుంటాయి. చిన్నప్పుడు తాగిన నీళ్లు, తిన్న తిండి వాటి మీద గుర్తు వేస్తాయి. ఇద్దరు మనుషులు చేతికందే దూరంలో రోజూ అరగంట కూర్చుంటే ఒకరివి ఒకరికి అంటుకుని, ఇద్దరి గుర్తులూ ఉన్న జీవులు పుడతాయి. మగ్గం ముడి అని చూపించేది వాటినే. అవి దుమ్ముతో పాటు పైకి లేచి, ఎత్తులో ఎక్కడో పొరలుగా చేరతాయి. మగ్గం ఆ పొరల్ని మీద నుంచి ఒక్కొక్కటే కాల్చి, మంటను బట్టి చదువుతుంది. కొత్త రోజులు ముందొస్తాయి, పాత రోజులు తర్వాత. చదివిన దుమ్ము బూడిదవుతుంది. రెండోసారి చదవడం ఉండదు.

ఒంటి రంగు మగ్గానికి తెలియదు. దాని లెక్కలో ఎఫువా విశాఖపట్నం పిల్ల. బయట లెక్క వేరు. ఎఫువా తండ్రి కోజో ఆన్సా ఘనా దేశంలో కేప్ కోస్ట్ అనే ఊరి నుంచి చేపల మీద పరిశోధనకు విశాఖపట్నం వచ్చి, ఇందుమతిని పెళ్లి చేసుకుని, హార్బరులో ఉద్యోగం చూసుకుని ఉండిపోయాడు. ఎఫువాకి ఆరేళ్లప్పుడు కామెర్లతో పోయాడు. అమ్మాయికి తండ్రి రంగు, తండ్రి జుట్టు, అమ్మమ్మ నోరు వచ్చాయి. శుక్రవారం పుట్టింది కాబట్టి తండ్రి తన దేశపు ఆచారం ప్రకారం ఎఫువా అని పేరు పెట్టాడు. శుక్రవారం పుట్టింది కాబట్టే అమ్మమ్మ లచ్చిమీ అని పిలుస్తుంది.

బడివాళ్లు మూడేళ్లు వరసగా ఎఫువా ఫోటోను బ్రోచరు అట్ట మీద వేశారు. ఫోటో తీసిన రోజు ఆమెకు అటు ఇద్దరినీ ఇటు ఇద్దరినీ భుజాల మీద చేతులు వేయించి నిలబెట్టారు. ఫోటో అయ్యాక ఆ నలుగురూ వెళ్లి ఎవరి బెంచీలో వాళ్లు కూర్చున్నారు. బస్సులో కండక్టరు, పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు, కొట్లో పెన్నుల ఆయన, అందరూ ఆమెను అడిగే మొదటి మాట ఒకటే: "ఏ దేశం?"

కాబట్టి ఇంజనీరింగు కాలేజీ ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ఎఫువా ర్యాంకు గురించి, ఉద్యోగాల గురించి తర్వాత మాట్లాడదామంది.

"నా ఫోటో అట్ట మీద వేసుకోవాల్సిన అవసరం లేని కాలేజీ కావాలి," అంది. "నాలుగేళ్లమ్మా. ఇంకో నాలుగేళ్లు ఆ పోగులా ఉండలేను."

ఆ ఏడాది రెండు తుపానులు వచ్చి పరీక్షలు వాయిదా పడ్డాయి. కౌన్సెలింగు డిసెంబరుకు జరిగింది. ఎఫువా చివరికి రెండు పేర్ల దగ్గర ఆగింది. ఒకటి విశాఖపట్నం పక్కన సముద్రం ఒడ్డున ఉన్న సాగరతరంగ విశ్వవిద్యాలయం. అందులో ముప్ఫై ఒక్క దేశాల విద్యార్థులున్నారని గేటు మీదే రాసి ఉంటుంది. రెండోది చింతపల్లి ఘాటు పైన కొత్తలోవలో ఉన్న వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల. అక్కడ కాఫీ కోర్సు ఉంది. దాని పేరు విని ఇథియోపియా నుంచి, ఉగాండా నుంచి కొందరు, మణిపూర్ నుంచి కొందరు వస్తారు. మిగతావాళ్లలో సగం ఏజెన్సీ పిల్లలు, సగం కింది నుంచి వెళ్లినవాళ్లు. ఆప్షన్లు ఫ్రీజ్ చేయడానికి సోమవారం సాయంత్రం అయిదింటిదాకా గడువుంది. ఆ తర్వాత మార్చుకోవడం కుదరదు.

శుక్రవారం త్రినాథ్ రెండు గొట్టాలు తెచ్చాడు. ల్యాబులో టెక్నీషియనూ అతనే, జీపు డ్రైవరూ అతనే. ప్యాంటుకి సున్నం, జుట్టులో సాలెపురుగు.

"ఫ్యాన్ల మీద చిటికెడు దొరకలేదు మేడమ్," అన్నాడు. "మన రిపోర్టు వచ్చిన కాడి నుంచి కాలేజీలోళ్లు రోజూ తుడిపించేస్తన్నారు. సాగరతరంగలో అయితే ఫ్యాన్లు తుడవడానికే ఓ మనిషిని పెట్టేరు. నిచ్చెనెక్కి ట్యూబులైట్ల మీంచి తీసేను."

"అక్కడ ట్యూబులైట్ల సంగతి వాళ్లకి తెలీదా?" అంది ఎఫువా.

"ఇయ్యాల నన్ను చూసేరు కదా పాపా. రేపట్నించి అవీ తుడుస్తారు."

రిపోర్టు అంటే ఇందుమతి నిరుడు ప్రచురించిన పట్టిక. నలభై నాలుగు కాలేజీల క్యాంటీన్ల దుమ్ము చదివి, ఎక్కడెక్కడి పిల్లలు కలిసి కూర్చుంటున్నారో, ఎక్కడ కూర్చోవడం లేదో రాసింది. దాన్ని చూసి కాలేజీలు ఎంచుకున్నవాళ్లున్నారు, మానుకున్నవాళ్లున్నారు. కొత్తలోవ వరసలో "పేక లేదు" అని, అంటే నిలువు పోగుల్ని అడ్డంగా కలిపేదేదీ లేదని ఉంది. ఎఫువా అది నమ్మక, ఇంకోసారి చదవమని అడిగింది.

ముందు సాగరతరంగ దుమ్ము పెట్టారు. తెర మీద రంగులు దిగుతుంటే త్రినాథ్ బల్ల మీంచి చెయ్యి తీసేసి నిటారుగా నిలబడ్డాడు. ఎఫువా అన్ని రంగులు ఎప్పుడూ చూడలేదు. పక్కనున్న పటంలో నైలు నది ఒడ్డున చుక్క వెలిగింది, మెకాంగ్ ఒడ్డున వెలిగింది, నేపాల్ కొండల్లో వెలిగింది. ఒక క్యాంటీనులో ఓ ట్యూబులైటు మీద వేలెడు దుమ్ములో ప్రపంచంలో సగం నదులున్నాయి. ఆమె తెరకి దగ్గరగా వంగి చూసింది. పది నిమిషాలు గడిచాయి. రంగులు పక్కపక్కన తిన్నగా దిగాయి. ఎరుపు ఎరుపుతోనే ముడిపడింది, పసుపు పసుపుతోనే. రంగుకీ రంగుకీ మధ్య ముడి లేదు.

"అంతా పడుగే," అంది ఇందుమతి. "పేక లేదు."

కొత్తలోవ గొట్టంలోనూ అంతే. రంగులు తక్కువ, గీతలు అవే.

ఎఫువా ఖాళీ గొట్టాలు రెండూ తీసి పక్కన పెట్టింది.

"సాగరతరంగలో చేరు," అంది ఇందుమతి. "ఇల్లు దగ్గర. పైగా అంతమంది ఉన్నచోట నిన్నెవరూ తేరిపార చూడరు."

"చూడకపోవడం, పక్కన కూర్చోవడం ఒకటేనా అమ్మా?"

"ఒకటి కాదు. కానీ రెండోది ఎక్కడుందో చూపించు, అక్కడే చేరుదువుగాని. నలభై నాలుగు చదివాను నేను."

ఆదివారం ఇద్దరూ విజయనగరం వెళ్లారు. ఇందుమతి తల్లి అప్పయ్యమ్మ అక్కడ ఒక్కతే ఉంటుంది. డెబ్భై నాలుగేళ్ల మనిషి, ఇంట్లో ఎక్కడ వేలు పెట్టి రాసినా దుమ్ము అంటదు. ఆ వారమే ఇల్లంతా సున్నం వేయించింది. వంటింట్లో గోడలు కూడా తెల్లగా ఉన్నాయి. పెరటి గుమ్మం పైన ఉన్న వెంటిలేటరు జాలీ ఒక్కటే నల్లగా, జిడ్డు దళసరిగా పట్టి ఉంది.

"అదొక్కటి వదిలేశారేం?" అంది ఇందుమతి.

"నానే ఒద్దన్నాను. దాని జోలికి పోకు." అప్పయ్యమ్మ వంకాయలు తరుగుతూ మనవరాలి వైపు తిరిగింది. "ఏటే లచ్చిమీ, మొకం అలాగ ఏలాడేసుకున్నావు? సీటొచ్చింది కదేటి?"

ఎఫువా చెప్పింది. ముప్ఫై ఒక్క దేశాలూ, గీతలూ, రేపటి గడువూ అన్నీ చెప్పింది.

అప్పయ్యమ్మ విని ముక్కు మీద వేలేసుకుంది. "ఓలమ్మో. ఎవుళ్లకాళ్లు ఏరే కూకుంటే నీకేటే? నీ సదువు నువ్వు సదుంకో. కూకున్నోళ్లంతా సుట్టాలవుతారేటి?"

"నీకలాగే ఉంటుంది అమ్మమ్మా," అంది ఎఫువా. అనకుండా ఉండాల్సింది అని అంటున్నప్పుడే అనిపించింది, అయినా ఆగలేదు. "మా నాన్నని గడప బయట కూర్చోబెట్టి అన్నం పెట్టినదానివి."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"ఎఫువా!" అంది ఇందుమతి.

ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అది. కూతురు పెళ్లి విషయం బయటపడ్డ రోజున అప్పయ్యమ్మ మరుదులు ముగ్గురూ వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. వాళ్ల ముందు అప్పయ్యమ్మ పైడితల్లి మీద ఒట్టు వేసింది: ఆ మనిషి నా వంటింటి గడప దాటి లోపలికి రాడు. ఆ మాట తప్పలేదు. ఇందుమతి రెండేళ్ల ట్రైనింగుకి బెంగళూరు వెళ్లినప్పుడు నాలుగేళ్ల పిల్లను తల్లి దగ్గరే వదిలింది. కోజో రోజూ సాయంత్రం విశాఖపట్నం నుంచి పాసింజరులో వచ్చి, కూతుర్ని చూసి, రాత్రి బండికి వెళ్లేవాడు. పెరటి మెట్టు మీద కంచం పెట్టుకుని తింటున్న తండ్రి ఎఫువాకి గుర్తున్నాడు. ఆ జ్ఞాపకంలో అమ్మమ్మ లేదు.

అప్పయ్యమ్మ లేచి పొయ్యి ఆపింది. పీట లాక్కుని గుమ్మం కింద వేసింది. గోడకున్న అట్లకాడ తీసుకుంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"జాలీ గీకుతాను. నీ మిసన్లో ఎట్టు. పిల్లకి సూపించు."

ఇందుమతి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మా, అది చదివితే కాలిపోతుంది. ఇంక మిగలదు."

"తెలుసు. నువ్వు సెప్పేవు కదా ఓసారి." అప్పయ్యమ్మ జాలీకేసి చూసింది. "ఆడొచ్చే రోజుల్లో తీరిక నేక తుడవనేదు, ఆడు పోయిన కాడి నుంచి తుడవబుద్ది కానేదు. ఎందుకో నాకే తెల్దు. నీ మిసను సంగతి ఇన్నాక తెలిసింది ఎందుకో."

ఇందుమతి అట్లకాడ పక్కన పెట్టించి తన సంచిలోంచి బ్లేడు తీసింది. పొరలు చెదరకుండా జిడ్డుని పలకలా కోసి, మైనం కాగితంలో చుట్టింది. వేపుళ్ల పొగ పదమూడేళ్లు ఆ జాలీలోంచే బయటికి పోయింది. నూనె ఒక పొర, దుమ్ము ఒక పొర. ఫ్యాను మీద దుమ్ము గాలికి కదిలిపోతుంది. ఇది ఎక్కడిదక్కడ అతుక్కుని ఉంది. ఇంత శుభ్రంగా పొరలున్న నమూనా తను ఎప్పుడూ చూడలేదని ఇందుమతి అంది. ఎవరితోనో చెప్పినట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు అంది.

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ ల్యాబుకి వెళ్లారు. దారంతా అప్పయ్యమ్మ ఆ పొట్లాన్ని ఒడిలో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది. త్రినాథ్ ఆదివారం భోజనం వదిలేసి వచ్చాడు. అప్పయ్యమ్మకు కుర్చీ వేసి, మగ్గం మూత తెరిచాడు.

తెర మీద ఒక పోగు దిగింది. విజయనగరం నీళ్ల రంగు. పక్కన ఇంకేమీ లేదు.

"ఇదెవులు?" అంది అప్పయ్యమ్మ.

"నువ్వే అమ్మమ్మా."

"నానేనా. ఇంతేనేటి నాను? దారప్పోగు."

త్రినాథ్ నవ్వబోయి ఆగిపోయాడు. పోగు దిగుతూనే ఉంది. నిమిషం, రెండు నిమిషాలు. ఒక్కో నిమిషానికి ఏడాదికి పైగా వెనక్కి పోతోంది. పక్కన ఎవరూ లేరు. కానీ పోగు ఎక్కడా తెగలేదు. అంటే రోజూ ఆ గుమ్మంలో ఆమె కూర్చుంటూనే ఉంది. అయిదు నిమిషాలు. ఏడు. ఎఫువా కుర్చీ వైపు చూడలేకపోయింది.

తొమ్మిదో నిమిషంలో రెండో పోగు మొదలైంది.

పటంలో ఆఫ్రికా పడమటి ఒడ్డున, సముద్రం లోపలికి వంగిన చోట ఒక చుక్క వెలిగింది. త్రినాథ్ అది చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. ఆ పోగు వచ్చి మొదటి పోగు పక్కన చేరింది, ముడిపడింది. మళ్లీ ముడిపడింది. ఆ తర్వాత ముడికీ ముడికీ మధ్య ఖాళీ లేదు. రోజుకొకటి, రోజుకొకటి. త్రినాథ్ వేలుతో లెక్కపెట్టడం మొదలుపెట్టి, వంద దాటాక మానేశాడు. అరవైమంది కూర్చున్న గదిలో ఇన్ని ముడులు రాలేదు. రెండింటి మధ్యలో సన్నంగా మూడో పోగు ఒకటి అల్లుకుంటోంది. కొన్ని రోజులు ఉంది, కొన్ని రోజులు లేదు. దానికి అటూ ముడి ఉంది, ఇటూ ముడి ఉంది.

"ఆ సన్నదేటి?" అంది అప్పయ్యమ్మ.

ఎఫువా తెరకి ఇంకో అడుగు దగ్గరగా జరిగింది. ఇందుమతి చెప్పింది. "దీనిదేనమ్మా."

"ఆఁ. ఆడి ఒల్లోనే నిద్దరోయేది."

ఇందుమతి వేలు ఆపే మీట మీదికి వెళ్లింది. మగ్గంలో ఇంకా చదవని పొరలు కొంచెం ఉన్నాయి. ఆ పొరల్లో ఉన్నది అతని ఊపిరి. భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఆమె వేలు మీట మీద అలాగే ఉండిపోయింది. నొక్కలేదు, తీయలేదు.

"ఆపితే ఏటి మిగుల్తాది?" అంది అప్పయ్యమ్మ.

"చిటికెడు."

"సిటికెడు దాసుకుని ఏటి సేత్తావు? పదకొండేల్లు నాను దాసుకున్నాను, ఏటొచ్చింది? సూడనీ. పిల్లని సూడనీ."

ఇందుమతి వేలు తీసేసింది. నలుగురూ ఆఖరి పొరదాకా చూశారు. మంట ఆరిపోయింది. అడుగున ఉన్న పళ్లెంలో గోరంత బూడిద మిగిలింది. తెర మీద గుడ్డ ఉంది. రెండు పోగులతో అంత దగ్గరి నేత వస్తుందని ఇందుమతికి అప్పటిదాకా తెలియదు.

"ఒట్టు వేశావు కదమ్మా," అంది తల్లితో.

"ఏసేను. ఆడు గడప దాటనేదు. పైడితల్లి సాచ్చిగా ఒక్కనాడూ దాటనేదు." అప్పయ్యమ్మ పమిట సర్దుకుంది. "నానే ఇవతలికొచ్చి కూకున్నాను. నాను ఇవతలికి రానని ఎవులూ ఒట్టెయ్యమన్నేదు కదా. నెత్తళ్ల సేపల తలకాయలు గిల్లుకుంటా కూకునీవోళ్లం. ఆడి సేతిలో ఎంత బేగి తెమిలీవో. ఆడి బాసలో నెత్తళ్లని ఏటంటారో సెప్పేడు గానీ, మర్సిపోయాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడైనా అడిగేవేటి?"

ఇందుమతి వెళ్లి తల్లి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

ఎఫువా తెర ముందు నుంచి కదలకుండానే అడిగింది.

"అమ్మా. అమ్మమ్మ వాళ్ల ముందుగదిలో ఫ్యాను దుమ్ము చదివి ఉంటే ఏం వచ్చేది?"

"ఏముంది. ఒక్క పోగు."

"అది చూసి ఆ ఇంటికి పేక లేదని రాసేదానివి."

ఇందుమతి తలెత్తింది.

"త్రినాథ్ గారూ, కొత్తలోవలో దుమ్ము ఎక్కడిది?" అంది ఎఫువా.

"క్యాంటీనుదే పాపా. రూలు అదే కదా."

"అక్కడ పిల్లలు క్యాంటీన్లో ఎంతసేపుంటారు?"

"ఎంతసేపు? ఎవరి తిండి ఆళ్లు తీసుకుని గదికి చక్కా పోతారు. ఆ చలికి అక్కడ ఎవడు కూర్చుంటాడు? మొన్న పొద్దున్న నేనెళ్లేసరికి అందరూ బాయిలరు కాడున్నారు, వేణ్ణీళ్లకి. కట్టెల బాయిలరు. పైన రేకు. గంటేసి నిలబడాలంట వంతు రావాలంటే. నాకూ టీ పోసేరు." త్రినాథ్ ఆగాడు. అతను చెబుతున్నది అతనికే వినపడింది. "ఆ రేకు కింద మసి ఇంత మందాన ఉంది మేడమ్. మసి కదా అని నేను..."

"నలభై నాలుగు కాలేజీలు," అంది ఇందుమతి. "అన్నీ క్యాంటీన్లే."

సోమవారం తెల్లవారుజామున తల్లీకూతుళ్లతో జీపు బయలుదేరింది. నర్సీపట్నం దాటాక ఘాటు మొదలైంది. పొగమంచులో త్రినాథ్ అద్దం దించి, తల బయట పెట్టి నడిపాడు. ఎఫువా ఒళ్లో సంచి ఉంది. అందులో బ్లేడు, మైనం కాగితం, ఒక గాజు గొట్టం ఉన్నాయి. మసి తీసుకుని వెనక్కి వెళ్లి చదవడానికి మధ్యాహ్నం రెండవుతుంది. అయిదింటికి మూడు గంటల ముందు.

కొత్తలోవ చేరేసరికి ఆరున్నర. హాస్టలు వెనక నాలుగు ఇనుప స్తంభాల మీద రేకు, దాని కింద మనిషెత్తు బాయిలరు. నలభైమంది దాకా అమ్మాయిలు బకెట్లతో నిలబడి ఉన్నారు. నిప్పు ఉన్నవైపే అందరికీ కావాలి కాబట్టి వరస అనేది లేదు. భుజాలు భుజాలకు ఆనించి, దుప్పట్లు ఇద్దరికొకటి కప్పుకుని గుంపుగా ఉన్నారు. ఒకమ్మాయి ఇంకొకమ్మాయికి జడ వేస్తోంది. ఒకళ్ల పుస్తకం ముగ్గురు చదువుతున్నారు. ఎవరో ఎవరినో తిడుతున్నారు, రెండు భాషల్లో.

ఎఫువా రేకు అంచు దగ్గర ఆగింది.

"బకెట్టేది?" అంది దగ్గరున్న అమ్మాయి. పొట్టి మనిషి, తలకు మఫ్లరు. "బకెట్టు లేకుండా వొచ్చేస్తే నీళ్లు దోసిట్లో పట్టుకెళ్తావేటి?"

"నేను ఇక్కడ చదవను. చూడ్డానికి వచ్చాను."

"చూడ్డానికి బాయిలరు దొరికిందా నీకు? ఏ బ్రాంచి?"

ఎఫువా అందరూ అడిగే ఆ ఒక్క ప్రశ్నకే సిద్ధంగా ఉంది.

"ఇంకా... మెకానికల్ అనుకుంటున్నాను."

"మెకానికలా! సెలాం, ఇదిగో నీ గోతిలో పడ్డానికి ఇంకోళ్లు." మఫ్లరు అమ్మాయి వెనక్కి తిరిగి అరిచింది. తన పేరు కిల్లో మాలతి అంది, ఊరు అవతలి కొండేనంది. అదే దుప్పటి రెండో కొస కప్పుకున్న ఇథియోపియా అమ్మాయి తల బయటికి పెట్టింది.

"మెకానికల్ వద్దు," అంది సెలాం తెలుగులో. "వర్క్‌షాపు సారు చాలా అరుస్తాడు. ఈమె కూడా అరుస్తుంది. నిన్న నా నీళ్లు తీసేసింది."

"నీ వంతు అయిపోయిందే తల్లీ! అరగంట నిద్దరోయి లేచి నాదంటే?"

"అబద్ధం. ఇరవై నిమిషాలు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వినప్పుడు ఎఫువా చూసింది.

చలికి నలభైమంది ఊపిరీ కనిపిస్తోంది. మాలతి నోటి ముందు తెల్లగా ఒక తీగ, సెలాం నోటి ముందు ఒక తీగ. రెండూ జానెడు పైకి లేచి కలిసిపోయాయి. పక్కన మణిపూర్ అమ్మాయిది వచ్చి వాటిలో కలిసింది. దాని పక్కది, దాని పక్కది. అన్నీ కలిసి బాయిలరు వేడికి పైకి లేస్తున్నాయి. ఏది ఎవరిదో చెప్పడానికి వీల్లేదు. మసి పట్టిన రేకు దాకా వెళ్లి, అక్కడ ఆగి, మసిలోకి ఇంకిపోతున్నాయి. ఏళ్ల తరబడి ప్రతి పొద్దునా ఇదే జరిగింది. తల్లి పన్నెండేళ్లు పనిచేసి తెర మీద చూపించిన నేత, ఇక్కడ మామూలు కంటికి కనిపిస్తోంది. ఎవరూ పైకి చూడటం లేదు. నీళ్లు కాగాయా లేదా అని చూస్తున్నారు.

ఇందుమతి వచ్చి పక్కన నిలబడింది. ఆమె కూడా పైకి చూస్తోంది. సంచిలోంచి బ్లేడు తీసి కూతురికి అందించింది.

"నువ్వే తీస్తావా?"

ఎఫువా బ్లేడు అందుకోలేదు.

"తీస్తే కాలిపోతుంది కదమ్మా."

"చదవకపోతే ఎలా తెలుస్తుంది? చలికి గుంపుగా నిలబడ్డారంతేనేమో. వేసవిలో ఏం చేస్తారో ఏమో. కనిపించిందే నిజమని నేను అమ్మ దగ్గరోసారి, క్యాంటీన్ల దగ్గరోసారి మోసపోయాను."

"కావచ్చు. వేసవిలో నేనే చూస్తాను." ఎఫువా రేకుకేసి చూసింది. "అది ఉండనీ."

ఇందుమతి బ్లేడు మైనం కాగితంలో చుట్టి సంచిలో పెట్టేసింది. గాజు గొట్టం సంచి అడుగున ఖాళీగానే ఉండిపోయింది.

అక్కడ ఫోనుకి సిగ్నలు లేదు. పంపుహౌసు పక్కన బండ మీద నిలబడితే వస్తుందని మాలతి చెప్పింది. ఎఫువా బండెక్కి పేజీ తెరిచింది. రెండు పేర్లున్నాయి. కొత్తలోవను పైకి జరిపింది. ఫ్రీజ్ చేయాలా అని పేజీ అడిగింది. ఏడు గంటల పన్నెండు నిమిషాలకు ఎఫువా అవునని నొక్కింది.

ఆమె తిరిగొచ్చేసరికి త్రినాథ్ చేతిలో టీ గ్లాసు ఉంది. ఇందుమతి రేకు బయట నిలబడి అప్పయ్యమ్మ కోసం ఫోటో తీస్తోంది. ఎవరినీ భుజాల మీద చేతులు వేసుకోమని అడగలేదు.

"ఓ మెకానికల్," అని పిలిచింది మాలతి. ఆమె బకెట్టు నిండింది, పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి. "అలా దూరంగా ఉంటే చలేస్తాది. లోపలికి రా."

ఎఫువా రేకు కిందికి వెళ్లింది. బకెట్టు రెండో పక్క పట్టుకుంది. ఒకసారి నోరు తెరిచి ఊపిరి వదిలింది. అది తెల్లగా పైకి లేచింది. జానెడు ఎత్తు దాకా ఆమెకు కనిపించింది, ఆ తర్వాత ఏది తనదో పోల్చుకోలేకపోయింది.